నడక వదిన నడిపిన దారి

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో, నీటి చుక్కలు పడుతూ తిరిగే సానరాయి ముందు ఆమె పద్దెనిమిదేళ్లు కూర్చుంది. ముందు గదిలో కళ్లు పరీక్షించి చీటీ రాసిస్తారు. వెనక గదిలో ఈమె ఆ అద్దం ఫ్రేములో సరిగ్గా కూర్చునేలా అంచు అరగదీస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం జారిపోతుంది, తక్కువ అరిగితే ఫ్రేము పగులుతుంది. ఇన్నేళ్లలో బాగాలేదని తిరిగొచ్చిన అద్దాలు పట్టుమని పది కూడా లేవు. అయితే ఆ సంగతి ఎవరికి తెలుసు? కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు దుకాణం పేరు చెప్పుకుంటారు గానీ, అంచు అరగదీసిన మనిషి ఊసెత్తరు.

నలభై మూడో ఏట మోకాళ్లు పట్టేశాయి. డాక్టరమ్మ రెండు కాళ్లూ వంచి చూసి, "కూర్చునే పని కదండీ మీది. మందుకంటే ముందు కదలిక కావాలి. సైకిలు తొక్కండి" అంది.

"నాకు రాదండీ."

"రాకపోతే నేర్చుకోండి. అదేమైనా విమానమా?"

బిల్డింగు మెట్ల కింద మరిది వదిలేసిన, కొండలెక్కే సైకిలు ఒకటి మూడేళ్లుగా పాత దుప్పటి కప్పుకుని పడుంది. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్తూ, "ఎవరికైనా ఇచ్చెయ్ వదినా" అని చెప్పి పోయాడు. ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు దాని దుప్పటి లాగింది అత్తగారు. ఆవిడ ముప్పయ్యేళ్లు బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టి రిటైరైన మనిషి. మాట కూడా సూదిలాగే సూటిగా దిగుతుంది.

బిల్డింగు వెనక బళ్లు నిలిపే ఖాళీ జాగాలో కోడలు సైకిలెక్కితే, అత్తగారు స్టూలేసుకుని కూర్చునేది. "ముందుకు చూడు తల్లీ, ముందుకు! చక్రం ఎక్కడికీ పారిపోదు, దాన్నెందుకలా కాపలా కాస్తావు?" అని అరిచేది. రెండోరోజు కోడలు వెళ్లి చెత్తడబ్బాను గుద్దింది. పై అంతస్తుల్లో కిటికీలు తెరుచుకున్నాయి, నవ్వులు వినిపించాయి. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది. ఎక్కు" అంది అత్తగారు.

నెల తిరిగేసరికి పనికి సైకిలు మీదే వెళ్లడం మొదలుపెట్టింది. ఆరు నెలలకి మోకాలి నొప్పి మాట మరిచిపోయింది. అప్పుడు కన్ను కొండ మీద పడింది.

ఊరి చివర ఐసు ఫ్యాక్టరీ గోడ దాటగానే ఆ కొండ మొదలవుతుంది. ఎర్రమట్టి దారి మెలికలు తిరుగుతూ రేడియో టవరు దాకా ఎక్కుతుంది. అక్కడినుంచి మూడు కిలోమీటర్లు కొండ వీపు మీద, ఎడమ చేతి పక్కనే సముద్రం. తర్వాత 'బండ దిగుడు' అని అందరూ భయపడే రాతి దిగుడు. అక్కడినుంచి తీరం పక్క బాట పట్టుకుని చుట్టూ తిరిగి మళ్లీ ఐసు ఫ్యాక్టరీ. మొత్తం పద్దెనిమిది కిలోమీటర్లు. ఆదివారం ఆదివారం ఒక జట్టు ఆ చుట్టు కొట్టేది. జట్టు పెద్ద ఒక బడిలో డ్రిల్లు మాస్టారు.

మొదటిసారి ఆమెకి నాలుగు గంటలు పట్టింది. అందులో మూడొంతులు సైకిలు తోసుకుంటూ నడిచిందే. ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అయిన భర్త సైకిలు బ్రేకులు బిగిస్తూ, "జనాన్ని పైకి ఎక్కించి దింపితే నాకు జీతమిస్తారు. నువ్వు ఊరికే ఎక్కి దిగుతున్నావు" అని నవ్వాడు. పై ఆదివారం తనే తెల్లారకముందు లేచి టైర్లలో గాలి కొట్టి పెట్టాడు.

జట్టులో ఆమెకి 'నడక వదిన' అని పేరు పడింది. ఏటవాలు వస్తే దిగేది, రాళ్లొస్తే దిగేది, బండ దిగుడు దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. ఒకసారి డ్రిల్లు మాస్టారు ఉండబట్టలేక అడిగేశాడు. "వదినా, నడవడానికే అయితే సైకిలెందుకండీ? చెప్పులు చాలుగా?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆమెకి చివుక్కుమంది. అయినా నవ్వు తెచ్చుకుని, "మాస్టారూ, ఎముకలు నావి. విరిగితే మీరు అతికించరు కదా?" అంది. ఆ రాత్రి భోజనం సయించలేదు. కానీ తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లింది. అలా రెండేళ్లు, వాన కురిసిన ఆదివారాలు తప్ప.

మూడో ఏడు, జట్టంతా కలిసి బయల్దేరే పెద్ద సవారీ రోజు వచ్చింది. మొత్తం పన్నెండు మంది. ఆమె ఎప్పటిలాగే చివర. టవరు దాటి కొండ వీపు మీదికి చేరేసరికి సముద్రం మీదనుంచి మబ్బు లేచింది. చూస్తుండగానే నీళ్లు మాయమయ్యాయి, కొండంచు మాయమైంది, చివరికి తన ముందు చక్రం కూడా మసక బారింది. దిగి నడవసాగింది. కాసేపటికి ఎదుట గొంతులు వినిపించాయి.

దారి రెండుగా చీలేచోట పదకొండు మందీ గుమిగూడి నిలబడి ఉన్నారు. గుర్తు పలక గాలికి పడి ఎక్కడికో కొట్టుకుపోయింది. ఒక దారి బండ దిగుడుకి, రెండోది పాత రాళ్ల క్వారీ అంచుకి. ఫోనులో చుక్క ఒకచోట నిలవకుండా గెంతుతోంది. అందరికంటే ముందు వెళ్లినవాడు సరిగ్గా క్వారీ అంచున ఆగాడట. కాలికింద రాయి జారిపడితే, అది అడుగున తగిలిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదట. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మందుల షాపులో పనిచేసే అమ్మాయి చెమటకి తడిసిన బట్టల్లో గజగజ వణుకుతోంది.

"మబ్బు విడిచేదాకా ఇక్కడే ఉందాం" అన్నాడు డ్రిల్లు మాస్టారు. గొంతులో ధీమా లేదు.

"విడవదండీ. గాలి నీళ్ల వైపునుంచే వస్తోంది, సాయంత్రం దాకా ఇంతే. అప్పటిదాకా ఈ పిల్ల ఆగలేదు" అంది ఆమె. సైకిలు పక్కన పడేసి, ఒంగి చేత్తో నేల తడిమింది. రెండో దారి దగ్గరకెళ్లి అక్కడా తడిమింది. "ఇటు రండి."

"ఎలా చెప్పగలరు వదినా?" అన్నాడు మాస్టారు.

"క్వారీ దారిలో కంకర ఉంటుంది. మన దారిలో నల్లరాయి, దాని పక్కన సన్న ఇసుక. రెండేళ్లుగా తల వంచుకుని నడిచానుగా, ఇంకేం చూస్తాను?"

ఎవరూ నవ్వలేదు.

సీటు మీద ఎవరూ కూర్చోకూడదంది. ఎవరి సైకిలు వాళ్లు తోస్తూనే ఒక చేత్తో ముందు మనిషి సైకిలు సీటు పట్టుకోమంది. గొలుసులా కదిలారు. "నల్లరాయి... ఇసుక... ఇక్కడ వేరు ఉంది, కాలెత్తండి" అని చెబుతూ తన సైకిలు తోసుకుంటూ ముందు నడిచింది. ఒకచోట ఆగిపోయింది. కుడిపక్క తగలాల్సిన ముళ్లపొద తగల్లేదు. తనొక్కతే తప్పిపోతే పోయేది తన ప్రాణమే. ఇప్పుడు వెనక పదకొండు మంది. "ఆగండి, తప్పు నాదే. పదడుగులు వెనక్కి" అంది దాచకుండా. వెనక్కి వచ్చి, కాస్త కుడికి జరిగి నడిస్తే, చెయ్యి చురుక్కుమంది. ముల్లు గుచ్చుకున్నందుకు అంత సంతోషించిన మనిషి మరొకరు ఉండరు.

బండ దిగుడులో పెద్ద పెద్ద మెట్లలా ఏడు రాతి అరలు. ఎక్కడ కాలు పెడితే జారుతుందో ఎక్కడ నిలుస్తుందో ఆమెకి తెలుసు. ప్రతి అరలోనూ తను ముందు దిగి నిలబడి, ఒక్కొక్క సైకిలూ అందుకుని, ఒక్కొక్క మనిషి పాదం పట్టి సరైన రాతి మీద పెట్టించింది. ఆఖరున డ్రిల్లు మాస్టారు పాదం కూడా.

నాలుగో అర దిగాక మబ్బు తలపైన ఉండిపోయింది. కింద సముద్రం ఎండలో పరుచుకుని ఉంది, దూరంగా ఒక ఓడ మెల్లగా పోతోంది. ఎవరో గట్టిగా కేక పెట్టారు. ఆమె మాత్రం ఏడో అర కూడా దిగాక తలలు లెక్కపెట్టింది. పదకొండు. ఇంకోసారి లెక్కపెట్టి, అప్పుడు కూలబడింది.

డ్రిల్లు మాస్టారు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. "వదినా, ఇన్నాళ్లూ మీ నడక చూసి నవ్వాను. తప్పయిపోయింది."

"సరేలెండి. ముందు ఆ పిల్లకి వేడిగా ఏమన్నా తాగించండి" అంది. అందే గానీ, ఆ మాట చెవిలో ఎన్నిసార్లు మోగిందో! తన పనితనం చూసి ఒక మనిషి ఎదురుగా వచ్చి నిలబడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తీరం బాటలో తొక్కుతుంటే వెన్ను దానంతటదే నిటారైంది. ఆ రోజు జట్టులో ఎవరూ ఆమెను దాటి ముందుకు పోలేదు.

సాయంత్రం మాస్టారు ఇంటికొచ్చి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అత్తగారు ఆసాంతం విని, "మా కోడలి సంగతి మాకెప్పుడో తెలుసు నాయనా. మీకే కాస్త ఆలస్యంగా తెలిసింది" అంది. ఆయన గడప దాటీ దాటకముందే, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి, ప్రతి అంతస్తులో తలుపు తట్టి చెప్పొచ్చింది. ఎన్నడూ మెచ్చుకోలు మాట అనని భర్త సైకిలు గొలుసుకి నూనె వేస్తూ, "నాకైతే చేతకాదే" అన్నాడు. ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ తర్వాత జట్టు ఒక నియమం పెట్టుకుంది. కొత్తగా చేరేవాళ్లు ఎంతటి మొనగాళ్లయినా సరే, ముందు ఒకసారి ఆ చుట్టంతా కాలినడకన తిరగాలి. తిప్పేది నడక వదిన. ఆమె ఇప్పుడు టవరు దాకా ఎక్కడా దిగకుండా తొక్కుతుంది. బండ దిగుడు దగ్గర మాత్రం దిగుతుంది, దిగుతానని అందరికీ చెబుతుంది కూడా.

మొదటి నడకకి పంతొమ్మిది మంది వచ్చారు. అత్తగారు నేనూ వస్తానని పట్టుబట్టి, టవరుకి సామాన్లు మోసే జీపులో పైకొచ్చింది. దిగి, నడుం మీద చెయ్యేసుకుని, ఆ నీళ్లనీ ఆ లోతునీ చాలాసేపు చూసింది.

"ఇంత ఎత్తు ఎక్కుతున్నావా నువ్వు?"

"ప్రతి ఆదివారం అత్తయ్యా."

ఆవిడ కోడలి భుజం మీద దుమ్ము దులిపి, పంతొమ్మిది మంది వైపు తిరిగి, పాత ఫ్యాక్టరీ గొంతు తీసింది. "వరసలో నడవండి. మా కోడల్ని దాటి ఎవరూ ముందుకు పోవద్దు."