దీపం కింది చెక్క

కరోనా తగ్గిన మరుసటేడు, ఎండకాలం. భూపాలపల్లి దాటినంక రోడ్డు పక్కన ఒక ఇంజన్ షెడ్డుల పని చేస్తున్న. మా ఆయన జరమొచ్చి పోయినంక అండ్ల చేరిన. విప్పిన సామాను డీజిల్‌ల కడుగుడు, టెస్టింగప్పుడు మనుషులను బయటికి పంపుడు నా పని. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెప్తుంటే మా తమ్ముని బిడ్డ రాస్తున్నది.

మా కాడికి వచ్చేటియి బొగ్గు మోసే పెద్ద టిప్పర్ల ఇంజన్లు. రిపేరైనంక ఇనుప స్టాండుకు బిగించి నడిపి చూస్తరు, దాన్ని టెస్ట్ బెడ్ అంటరు. ఇంజన్‌లకు గాలిని జోరుగ నూకేది టర్బో. టర్బో సీలు పోయిందంటే ఆయిలు గాలితోని కలిసి లోపలికి పోతది. అప్పుడు డీజిల్ బంద్ చేసినా ఇంజన్ ఆగది, తన నూనె తనే తాగుకుంట పగిలేదాంక ఉరుకుతది. గాలి గొట్టం మూతికి చెక్క అడ్డం పెడితెనే ఆగుతది. గుడ్డ పెడితే గుంజుకుంటది, చెయ్యి పెడితే చెయ్యి పోతది. అందుకే గొట్టం పక్కన ఎప్పుడూ ఒక మందం చెక్క ఉంటది.

ఆ పొద్దు ఇంజన్ పాలకుర్తి సమ్మిరెడ్డిది. ఆయనకున్నది ఒక్కటే టిప్పరు. పెండ్లాం విజయను తోలుకొని కొబ్బరికాయ, పూలు పట్టుకొచ్చిండు. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజన్‌కు పూజ చేసుడు మా దిక్కు అందరికీ ఉన్నదే.

"యాకూబన్నా, మంచి గడియ దాటిపోతుంది. జర జల్ది," అన్నడు సమ్మిరెడ్డి.

"నీ గడియ ఇంజన్‌కేం తెలుసు పటేలా," అని నవ్విండు మా హెడ్ మిస్త్రి యాకూబన్న. నవ్విండు గని తొందరపడ్డడు. రోజూ చెక్కను చేత్తోని ముట్టి చూసుకొని సెల్ఫు కొట్టేటోడు, ఆ పొద్దు ముట్టలే.

నేను ఇద్దరిని బయటికి పంపుతున్న. విజయ వాకిట్ల ఆగింది. "దీపం కొండెక్కినంక పోత అక్కా."

"దీపం యాడికి పోదు. నువ్వు నడువు."

యాకూబన్న ఇంజన్ ముందటి కొసకు, ఇనుప రేకు వెనుక నిలబడి స్టార్ట్ చేసిండు. కొద్దిసేపు మంచిగనే నడిచింది. తర్వాత నీలం పొగ లేసింది, సప్పుడు పెరిగింది. ఆయన డీజిల్ బంద్ చేసిండు. సప్పుడు ఇంకా పెరిగింది. గొట్టం పక్కకు చెయ్యి చాపితే చెక్క లేదు.

"చెక్కేది?"

విజయ మొఖం తెల్లబోయింది. "దీపం కింద పెట్టిన అన్నా. పీట అనుకున్న."

పసుపు పూసి, ముగ్గేసి, ఇంజన్‌కు పక్కన పెట్టింది. లోపల పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్డు ఇరిగితే బయటికొచ్చేది ఆ పక్కకే. సమ్మిరెడ్డి ఆ చెక్క కోసం లోపలికి ఉరికిండు.

"పటేలా, రాకు. పోనీ ఇంజన్ను," అని యాకూబన్న ఒర్లిండు.

నేను ఆయన అంగీ పట్టుకున్న. "ఇడువు, నా బతుకే గది," అని గుంజిండు. గుండీలు తెగినయి. విజయ ఆయన రెక్క పట్టింది. ముగ్గురం వాకిట్లనే పడ్డం.

అప్పుడే పేలింది. కనెక్టింగ్ రాడ్డు ఇరిగి ఇంజన్ గోడ పగలగొట్టుకొని బయటికొచ్చింది. దీపం, చెక్క, ఎనుక షెడ్డు రేకుగోడ, అన్నీ దాని దారిలనే ఉండె. షెడ్డంత పొగ. యాకూబన్నను పిలుస్తే పలుకలే. మళ్ల పిలిచిన. ఆయన దగ్గినంక పానమొచ్చింది నాకు.

విజయ ఏడుస్తుంటే యాకూబన్ననే అన్నడు, "సీలు మేం చూసుకోవాల్సింది బిడ్డా. చెక్క ఉంటె ఇంజన్ దక్కేదేమో, గంతే."

ఇప్పుడు మా తాన పూజ ముందు దినమే, సల్లటి ఇంజన్‌కు. గొట్టానికి ఇనుప మూత బిగించినం, బయటి నుంచి తీగ గుంజితే పడుతది. అయినా సప్పుడు జర పెరిగితే నా కాళ్లు ఒక్కకాడ నిలువవు, వాకిలికి, రోడ్డుకు తిరుగుతనే ఉంట.

నాకు అర్థమైంది ఒక్కటే. ఆగని ఇంజన్ కాడికి దాని యజమానే ముందు ఉరుకుతడు, ముందుగాల ఆయన్ను పట్టుకోవాలె. సమ్మిరెడ్డి ఇప్పటికీ పాలకుర్తిల చెప్తడట, "షెడ్డుల ముసల్ది పట్టుకోకపోతే నా ఇంజన్ దక్కేది" అని. చెప్పనీ. నన్ను తిట్టుకుంటనైనా మనిషి తిరుగుతున్నడు.