కంచె పక్క మూడు మొక్కలు

రెండేళ్ళ క్రితం కార్తీకంలో ఒక ఆదివారం, పాత రైల్వే క్వార్టర్ల వెనక ఉసిరి చెట్టు కింద ఉన్నవి: పదకొండు ఇళ్ళవాళ్ళు, పిల్లలతో కలిపి ముప్పై ఎనిమిది మంది, రెండు జంపఖానాలు, ఒక కట్ట విస్తరాకులు, కుళాయి బిగించిన నీళ్ళ డ్రమ్ము, మూతి మీద గుడ్డ కట్టిన గిన్నెలు పదకొండు. అమ్మ ఉంది. మా పక్కింటి గార్డు మావయ్య, ఆయన భార్య అత్తయ్య ఉన్నారు. నాన్న డ్యూటీలో ఉండి రాలేదు. ఉండవలసి ఉండి లేనిది ఒకటి, మా అమ్మ టమాటా పచ్చడి.

మా వనభోజనాలకు ఒక పద్ధతి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చిన తాతల కాలం నాటిది. ఒక్కో ఇంటికి ఒక్కో వంటకం. పులిహోర ఒకరింటిది, ముద్దపప్పు ఒకరింటిది, వంకాయ కూర ఇంకొకరిది. ఎవరూ కాగితం మీద పెట్టలేదు, ఎవరూ మార్చరు. కోడలు వస్తే అత్తగారి గిన్నె ఆమె చేతికి వస్తుంది. కూరైనా పచ్చడైనా కాయలు సొంత పెరటివి కావాలి. బజారు కాయలతో చేసుకొస్తే ఎవరో ఒకరు కనిపెట్టి నవ్వుతారు. ఒక ఏడు ఒక ఇల్లు తన వంటకం తేలేకపోతే, ఆ ఏడు దాన్ని తెచ్చిన ఇంటికే మరుసటి ఏటి నుంచి అది చెందుతుంది. టమాటా పచ్చడి మా ఇంటిది. నాయనమ్మ చేసేది, తర్వాత అమ్మ.

ఆ ఏడు మా పెరట్లో కాయలు లేక కాదు. శుక్రవారం సాయంత్రం నేను లెక్కపెట్టినప్పుడు కంచె వెంబడి మొక్కల మీద పండినవి నలభై ఆరు ఉన్నాయి. శనివారం డ్యూటీ నుంచి వచ్చేసరికి తొడిమలు మిగిలాయి. కంచెకు అవతల, గార్డు మావయ్య వైపు మట్టిలో, చితికిన కాయ ఒకటి పడి ఉంది. వాళ్ళ పెరట్లో ఒక నిమ్మ చెట్టు, రెండు బెండ మడులు తప్ప టమాటా మొక్క ఎప్పుడూ లేదు. మరుసటి రోజు ఉసిరి చెట్టు కింద అత్తయ్య గిన్నె గుడ్డ విప్పితే ఎర్రటి టమాటా పచ్చడి.

"మా పెరట్లోవేనమ్మా," అన్నాడు మావయ్య, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. "మట్టిలో చెయ్యెట్టాల. పుస్తకంలో ఎడితే కాస్తాయేటి?"

తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఏటి చెల్లీ, ఈసారి ఉట్టి సొరకాయ పెరుగుపచ్చడేనా? ఇంజనీరు పెరటికి సిగ్నల్ పడనేదేటి?"

నేను సిగ్నల్ విభాగంలో పని చేస్తాను. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, "ఈ ఏడు కాయనేదు అన్నయ్యా," అంది.

ఇంటికొచ్చాక ఎందుకలా అన్నావని అడిగాను. "ఏటనమంటావు?" అంది అమ్మ. "పక్కిల్లు. నీకూ మీ నాన్నకీ ఒకేసారి డ్యూటీ పడి నాకు ఒంట్లో బాగోకపోతే ఎవల్ని పిలుస్తాను?" ఆ మాట అంటూనే పచ్చడి గిన్నెను, నాయనమ్మ పేరు చెక్కిన స్టీలు గిన్నెను, అటక మీదికి ఎక్కించమని నా చేతికిచ్చింది. ఇక అక్కర్లేదన్నట్టు. ఎక్కించలేదు. నా గదిలో బల్ల మీద పెట్టుకున్నాను.

మరుసటి కార్తీకానికి పదకొండు నెలల సమయం ఉంది. ఒక నోట్‌బుక్ కొన్నాను.

మొదటి పేజీలో పెరటి కొలతలు. పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు తొమ్మిది. ఎండ పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. రాజ్‌కిశోర్ నగర్‌లో మా వరసంతా ఇళ్ళు కట్టినప్పుడు తెచ్చి పోసిన ఎర్రమట్టి. దాంట్లో వడలు తెగులు ఉంది. నిన్న నిలబడ్డ మొక్క ఇవాళ పచ్చగానే వాలిపోతుంది, కాండం కోసి నీళ్ళలో పెడితే పాలలాంటి చార వస్తుంది. రెండో పేజీలో రకాలు. అడ్డంగా గడులు: కాపుకు పట్టే రోజులు, తెగులు తట్టుకోవడం, తోలు మందం, పులుపు. చివర్లో నేను చేర్చిన గడి, కంచె మీదుగా అందడం.

సంకర జాతి, కోడిగుడ్డు ఆకారం కాయ ఒకటి చూశాను. మొక్క చావదు, కాయ లారీలో నాగపూర్ దాకా వెళ్ళినా చితకదు, పచ్చడిలో కూడా అంతే మొండిగా ఉంటుంది. పట్టికలోంచి కొట్టేశాను. ద్రాక్ష గుత్తుల్లా కాసే చిన్న రకాన్ని లెక్కపెట్టడం కష్టం. లెక్క కుదరని కాయ నాకు పనికిరాదు. పసుపు రకం మీద చాలా రోజులు ఆశపడ్డాను. పసుపు పచ్చడి కనిపిస్తే ఎవరి పెరటిదో ఊరికే తెలిసిపోతుంది. కానీ ఎండుమిర్చి కారం పడితే ఆ రంగు నిలవదని వేయించి చూశాక తెలిసింది.

అమ్మకు కావలసింది దేశీ రకం. అంచులు ముడతలు పడి, పల్చటి తోలుతో, నోట్లో పెట్టుకుంటే కన్ను మూసుకుపోయేంత పులుపు. దానికి తెగులు తొందరగా వస్తుంది. ఇక్కడి రైతులు వంకాయ వేరు మీద టమాటా అంటు కడతారు. ఆ వేరుకు వడలు తెగులు అంతగా పట్టదు. ఉస్లాపూర్ వైపు ఒక నర్సరీలో రెండు ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను. ఆరు అంట్లు కట్టాను, నాలుగు బతికాయి. ఆ నాలుగింటినీ స్నానాల గది గోడ పక్కన నాటాను. అక్కడి నుంచి కంచెకు ఆరడుగుల నాలుగు అంగుళాలు. మావయ్య చెయ్యి, చేతికర్ర వంపుతో కలిపి, అయిదడుగులు దాటదు.

ఇక కంచె పక్కన ఏది నాటాలి? ఖాళీగా వదిలితే ఆయన ఇటు చూడడు. ఆయన చూడాలి. విత్తనాలు దాచే ఒకాయన పోస్టులో పంపిన పొట్లాల్లో అయిదో రకం ఉంది. పండినా ఎర్రబడదు. ఆకుపచ్చగానే ఉంటుంది, అడుగున కొంచెం తేనెరంగు వస్తుంది అంతే. మెత్తబడిందో లేదో వేలితో నొక్కితేనే తెలుస్తుంది. రుచి తియ్యన, పులుపు దాదాపు లేదు. ఆయన రోజూ కంచె దగ్గర నిలబడి ఎరుపు కోసం ఎదురుచూస్తాడు, అది రాదు, ఆయన కళ్ళ ముందే కాయలు కుళ్ళి రాలతాయి. ఇదీ నా ఆలోచన. మూడు మొక్కలు నాటాను, ఆగస్టులో నారు పోసి, వానలు తగ్గాక.

కాయలు నిండాయి. అమ్మ ఒకటి కోసి అటూ ఇటూ తిప్పింది.

"ఇవేట్రా, పండవేటి?"

"పండాయమ్మా. తిను."

తింది. "సప్పగా, తియ్యగా ఉన్నాది. పచ్చడికి పనికిరాదు."

"తెలుసు."

నా మొహం చూసింది. సగం కొరికిన కాయ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.

మావయ్య రోజూ వచ్చాడు. పాల పాకెట్టు చేత్తో పట్టుకుని కంచె మీద మోచెయ్యి ఆనించేవాడు. "ఏట్రా అల్లుడూ, కాయలు ఇంతేసి అయ్యాయి, ఎర్రబడవేటి?"

"లేటు రకం మావయ్యా. ఇంకో రెండు వారాలు."

"అచ్ఛా. పాసింజరు బండికి లేటు గానీ టమాటాకి లేటేట్రా? నీళ్ళెక్కువెడతన్నావు."

ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే మెత్తబడ్డాయని తెలిసిపోయేది.

వనభోజనాలకు ముందు శుక్రవారం సాయంత్రం మూడు మొక్కల మీద ముప్పై ఒక్క కాయలు. శనివారం సాయంత్రం నాలుగు. అక్కడే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు వాళ్ళం పచ్చి టమాటాతో కూడా పచ్చడి చేస్తాం, నువ్వులు వేసి. ఎర్రబడేదాకా ఆయన ఆగనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి తింటున్న పచ్చడి, నా పట్టికలో ఏ గడిలోనూ లేదు. అయినా ఇది నేను అనుకున్నదానికన్నా బాగుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఆదివారం నలభై ఒక్క మంది వచ్చారు. అమ్మకు ఆ ఏటికి అప్పగించింది మజ్జిగ. దాంతోపాటు నా బల్ల మీది గిన్నె నిండా దేశీ టమాటా పచ్చడి కూడా చేయించి, నేనే మోసుకెళ్ళి జంపఖానా చివర పెట్టాను. ముందు అత్తయ్య గిన్నె తిరిగింది. పచ్చి టమాటా నువ్వుల పచ్చడి. మొదట నోట్లో పెట్టుకున్నది పులిహోర ఇంటి ముసలావిడ. ఆవిడ మాటే మాలో చెల్లుతుంది.

"ఏటమ్మా, పచ్చట్లో బెల్లం ఏసీసావేటి? పాయసంలాగున్నాది."

"బెల్లం నేనెయ్యనేదు పిన్నీ." అత్తయ్య వేలితో తీసి రుచి చూసింది. "కోసినప్పుడే మెత్తగున్నాయి. మంచుకేమో అనుకున్నాను." అమ్మ వైపు తిరిగింది. "కాయలు మీ అబ్బాయే ఇచ్చాడట కదా వదినా. మీ అన్నయ్య చెప్పారు."

పోయిన ఏడు ఏమనుకుందో గానీ, ఈసారి ఆవిడకు నిజంగానే తెలియదు. ఆ గొంతు వింటే ఎవరికైనా అర్థమవుతుంది. నేను ఒక్క మాట, అవునని, అంటే సరిపోయేది. అమ్మ నా వైపు చూసి, బయటపెట్టొద్దన్నట్టు, తల చాలా చిన్నగా అడ్డంగా ఊపింది.

"నేనివ్వలేదు అత్తయ్యా," అన్నాను. "శుక్రవారం ముప్పై ఒకటి ఉన్నాయి. శనివారానికి నాలుగు."

మావయ్య ముద్ద ఆపాడు. "ఏట్రా ఈ లెక్కలు? నాలుక్కాయలకి నలుగురిలో నిలబెడతావా?"

"నాలుగు కాదు మావయ్యా. పోయిన ఏటివి నలభై ఆరు, నిన్నటివి ఇరవై ఏడు. డెబ్బై మూడు."

ఆయన సగం విస్తరి వదిలి డ్రమ్ము దగ్గరికి వెళ్ళాడు. కుళాయి మరీ ఎక్కువ తిప్పేశాడు, నీళ్ళు మోచేతి దాకా కారి చొక్కా తడిసింది. అత్తయ్య గిన్నె మీద గుడ్డ మళ్ళీ కప్పి ముడి వేసింది; ముడి పడక రెండోసారి వేసింది. నేను మా గిన్నె తీసుకుని వరస మొదటి నుంచి వడ్డించడం మొదలుపెట్టాను. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలు బాబూ," అన్నారు ఒకరు. పక్కవాళ్ళూ అదే అన్నారు. వేయించుకున్నవాళ్ళు తొమ్మిది మంది, అందులో అయిదుగురు పిల్లలు. ఎప్పుడూ ఖాళీగా ఇంటికొచ్చే గిన్నె ఆ రోజు బరువుగా వచ్చింది.

స్కూటర్ మీద అర్పా నది వంతెన దాటి సర్కండా వైపు తిరిగాం. "మీ అత్తయ్యేటి చేసింది?" అంది అమ్మ. అంతే అడిగింది.

పశ్చాత్తాపపడ్డానని రాస్తే అబద్ధం. అత్తయ్య వేసిన రెండో ముడి గుర్తొస్తే నోట్‌బుక్ మూసేస్తాను. కానీ ఆ తడిసిన చొక్కా చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాగానే ఉంటుంది.

ఈ ఏడు పులిహోర ఇంటి ముసలావిడ అమ్మకు ఫోన్ చేసింది. "టమాటా పచ్చడి ఎవలూ తేవద్దులే. గొడవలొద్దు. నువ్వు మజ్జిగే తే." అమ్మ సరేనంది. గోడ పక్కన దేశీ అంట్లు ఉన్న చోట చిక్కుడు పాదు పెట్టింది. కంచె పక్కన ఏమీ వద్దంది. అత్తయ్య ఇప్పటికీ వీధి గేటు దగ్గర అమ్మకు నిమ్మకాయలిస్తుంది. మావయ్య పాల పాకెట్టుకు అవతలి సందులోంచి వెళ్తాడు, మా కంచె వైపు తల తిప్పడు.

నేను ఆ అయిదో రకమే మళ్ళీ మూడు మొక్కలు నాటాను. కొమ్మలు కంచె దాటి అవతలికి వంగేలా పురికొసతో కట్టాను. పండిన కాయలు కొయ్యను, అమ్మను కొయ్యనివ్వను. రోజూ డ్యూటీకి ముందు నోట్‌బుక్ తీసుకుని పెరట్లోకి వెళ్తాను. ఎల్లుండి వనభోజనాలు. నిన్న సాయంత్రం మూడు మొక్కల మీద ముప్పై నాలుగు. ఇవాళ పొద్దున ముప్పై నాలుగు.