బాపు దాచుకున్న ఊపిరి

మా బాపు కరీంనగర్‌లో పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. పోయిన చలికాలం దగ్గు ఎంతకీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గొట్టంలో ఊదించే ఊపిరి పరీక్ష చేయించమన్నాడు. జనం ఎక్కువున్నారని నన్ను పరీక్ష గది బయటే ఆపేశారు.

రిపోర్టు చూసి డాక్టరు నొసలు ముడిచాడు. "ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నట్టు వచ్చింది. ఇక వాయించుడు బంద్ పెట్టాల్సి వస్తదేమో" అన్నాడు. బాపు సాయంత్రం పెళ్లికని వెంట తెచ్చుకున్న క్లారినెట్ పెట్టెను ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఛాతీ వింటే మాత్రం మంచిగనే ఉన్నది" అంటూ డాక్టరు, నమ్మకం కుదరక పరీక్ష మళ్లీ చేయమన్నాడు. ఈసారి పట్టుబట్టి నేనూ లోపలికి వెళ్లాను. ముక్కుకు క్లిప్పు పెట్టగానే బాపు కళ్లు మూసుకుని, క్లారినెట్ వాయించేటప్పటిలాగే బుగ్గలు ఉబ్బించి, గాలిని సన్నగా, పొదుపుగా వదలసాగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఓ బాపూ! గిదేమన్న పెళ్లి ఊరేగింపా, బారాతా? ఉన్న గాలంత ఒక్కసారే జోరుగ ఊదు!" అని అరిచాను.

అలాగే ఊదాడు. అంకెలు బాగున్నాయి. మళ్లీ మళ్లీ ఊదించినా అంతే. దగ్గుకు మందులు చాలన్నారు. పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మిషన్‌ను ఏమనను? ఎలా ఊదాలో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

బాపు మాత్రం బండెక్కుతూ కూడా గొణుగుతూనే ఉన్నాడు: "గంత గాలి ఒక్కసారే పారబోస్తే పాట ఎట్ల నడుస్తది బిడ్డా?"