ఓదెమ్మ ఒప్పుకోని సాకు

మా టేకుమట్లలో ఓదెమ్మ కోళ్ల దుకాణానికి ఎదురుగానే నా కుట్టు మిషను. పొద్దున్నే ఆమె కత్తి చప్పుడు మొదలైతే తప్ప నాకు జాకెట్టు మీద చెయ్యి సాగదు. ఇన్నేళ్లుగా కత్తి పట్టిన మనిషి కదా, మొగుడు తాగొచ్చి తన్నినప్పుడు అదే కత్తి ఎత్తి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఎత్తలేదు. ఒకరోజు అతని బట్టలు మూటగట్టి గడప బయట పెట్టి తలుపు వేసుకుంది. ఆ తర్వాత కూతురు కరుణను ఒక్కతే పెంచి, భూపాలపల్లిలో ఇంటర్ చదివిస్తోంది.

కరుణకు ఫోనులో తుపాకుల ఆట పిచ్చి. చెవుల్లో వైర్లు పెట్టుకుని "వెనక ఉన్నడు, ఏసెయ్, ఏసెయ్!" అని అరుస్తుంటే చికెన్ కోసం వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. పిల్లను అదుపులో పెట్టుకొమ్మని ఓదెమ్మకు సలహాలిచ్చేవాళ్లకు మా వీధిలో కొదవ లేదు. వాళ్ల కొడుకులు ఆడేదీ అదే ఆట. ఆడపిల్ల ఆడితేనే వీళ్లకు తుపాకి మోత వినిపిస్తుంది, అవేం చెవులో!

ఆ కరుణ ఒకరోజు కాలేజీ బస్సులో రిత్విక్ అనే తోటి విద్యార్థిని స్టీలు టిఫిన్ డబ్బాతో కొట్టింది. నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. రిత్విక్ తండ్రి జితేందర్‌కు ఎరువుల దుకాణం ఉంది, పెద్దమనుషుల అండ ఉంది. మర్నాడే కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. ఓదెమ్మ నన్ను తోడు రమ్మంది. నాకు నోరెక్కువని ఆమెకు తెలుసు. తీరా అక్కడ నా నోటితో పనే పడలేదు.

ప్రిన్సిపాల్ నెమ్మదిగానే మాట్లాడాడు. "చూడమ్మా, ఇది పిల్ల తప్పు కాదు, ఆ ఆటల తప్పు. రోజూ కాల్చుడు, చంపుడు చూస్తే బుర్ర గట్లనే తయారైతది. గేమ్ వల్లనే కొట్టిందని అందరి ముంగట ఒప్పుకొని మాఫీ అడుగుండ్రి. ఫోన్ బంద్ చేయుండ్రి. మేము ఇక్కడికే వదిలేస్తం. లేదంటే టీసీ ఇచ్చి పంపుడే."

టీసీ అన్న మాటకు ఓదెమ్మ ముఖం పాలిపోయింది. చదువు మధ్యలో ఇలాంటి పేరుతో బయటికొచ్చిన పిల్లను ఏ కాలేజీ చేర్చుకుంటుంది? కరుణ కూడా దుకాణంలో కత్తి పట్టాల్సిందే. అది జరగకూడదనే కదా ఈమె ఇన్నాళ్లూ పట్టింది. ఒప్పేసుకో, పీడ విరగడవుతుందని నేనే ఆమె మోచేయి గిల్లాను. కరుణ కూడా తల వంచుకుని "అవును సార్, గేమ్ వల్లనే" అంది.

ఓదెమ్మ కూతురి వైపు తిరిగింది. "నా దిక్కు చూడు బిడ్డా. ఎందుకు కొట్టినవ్?"

కరుణ ఏడుస్తూనే చెప్పింది. తన స్నేహితురాలు సనా చున్నీని రిత్విక్ రోజూ బస్సులో లాగుతున్నాడు, ఫొటోలు తీస్తున్నాడు. ఇద్దరూ వెళ్లి లెక్చరర్‌కు చెప్పుకున్నారు. చున్నీకి పిన్ను పెట్టుకో, సీటు మార్చుకో అన్నాడాయన. సనా పిన్ను పెట్టుకుంది, సీటు మార్చుకుంది. వాడూ సీటు మార్చుకున్నాడు. నిన్న వాడు లాగితే చున్నీ చిరిగి, సనా కిందపడింది. కరుణ చేతిలో డబ్బా ఉంది, కొట్టింది. సనా ఈ రోజు కాలేజీకి రాలేదు, ఇక పంపనని వాళ్లమ్మ మరియం బీ అన్నదట.

ప్రిన్సిపాల్ పక్క కుర్చీలో ఉన్న జితేందర్ ముందుకు వంగాడు. "మావోడు గూడ గా ఫోన్ల పడే ఖరాబైండు సార్. గేములు, వీడియోలు. వాడు మాత్రం ఏం జేస్తడు?"

నాకు ఒళ్లు మండిపోయింది. తల పగిలినదానికీ ఫోనే, చున్నీ చిరిగినదానికీ ఫోనే, చెప్పుకుంటే పట్టించుకోని లెక్చరర్‌కూ ఫోనే అడ్డం. అందరికీ సరిపోయే జాకెట్టు నేను ఇంతవరకు కుట్టలేదు, వీళ్లు కుట్టేశారు.

ఓదెమ్మ లేచి నిలబడింది.

"సేటూ, ఫోనుకు చేతులు లెవ్వు. చున్నీ గుంజింది నీ కొడుకు చెయ్యి. డబ్బతోని కొట్టింది నా బిడ్డ చెయ్యి. నా మొగడు నన్ను బొక్కలిరగ కొట్టిండు. గాయినకు ఫోన్ల నంబర్ ఒత్తుడు గూడ రాదు, ఏ గేమ్ నేర్పింది?" ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "సారూ, నా బిడ్డ కొట్టుడు తప్పే. ఏం శిక్ష ఏస్తరో ఎయ్యుండ్రి, దవాఖాన ఖర్చు నేనే పెట్టుకుంట. గని గేమ్ వల్ల కొట్టిందని నా నోటెంట రాదు. గా మాటంటే సనా సంగతి ఈడనే బొంద పెట్టినట్టు."

"అయితే టీసీ తీసుకపో."

"ఇయ్యుండ్రి. చున్నీ గుంజినోన్ని కొట్టినందుకు ఇచ్చినమని టీసీల రాయుండ్రి. గా కాయితం పట్కొని ఊరూరు తిరుగుత."

ప్రిన్సిపాల్ చెయ్యి పెన్ను దాకా వెళ్లి ఆగిపోయింది. చివరికి కరుణకూ రిత్విక్‌కూ పది రోజులు కాలేజీ బంద్ అన్నాడు. ఇక మీదట లెక్చరర్లలో ఒకరు బస్సులో రావాలన్నాడు. ఓదెమ్మ సరేనంది.

ఆ పది రోజులూ కరుణ దుకాణంలోనే ఉంది. తల పగలగొట్టిన గేమ్ పిల్లను చూడ్డానికని జనం పావుకిలో చికెన్ నెపంతో వచ్చారు. కోడిని గట్టిగా పట్టుకొమ్మని తల్లి అంటే, ఆ పిల్ల కళ్లు మూసుకుని ముఖం తిప్పేసింది. కోడి జారిపోయి నా మిషను కింద దూరింది.

"సూడుండ్రి, గీ రాక్షసినే సూడొచ్చిండ్రు మీరు" అంది ఓదెమ్మ.

రోజూ దుకాణం కట్టేశాక ఆమె మరియం బీ ఇంటికి వెళ్లేది. "నా బిడ్డ శిక్ష ఊకెనే పోవాల్నా అక్కా? పంపు" అనేది. మరియం బీ చాయ్ ఇచ్చి మాట మార్చేది. ఒకరోజు సనా కోసం నేనొక చున్నీ కుట్టి ఓదెమ్మ చేతికిచ్చి పంపాను.

పదకొండో రోజు కరుణ ఒక్కతే మా దుకాణాల పక్కనున్న బస్టాపులో నిలబడింది. ఓదెమ్మ కత్తి పక్కన పెట్టి దుకాణం ముందుకు వచ్చింది. నేనూ మిషను ఆపాను. సనా జాడ లేదు. బస్సు వచ్చింది, కరుణ ఎక్కబోయి ఆగింది. మాకంటే ముందు స్టాపులోనే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని ఉంది సనా. పక్క సీటును బ్యాగు పెట్టి కరుణ కోసం పట్టి ఉంచింది. నేను కుట్టి ఇచ్చిన కొత్త చున్నీ భుజాల మీద వదులుగా ఉంది, దానికి పిన్ను లేదు.