రెండో చిప్పులో మిగిలినవి

ఏడాది చివర మంచి ఫొటోలన్నీ ఒకచోట చేర్చుకుని, ఏం నేర్చుకున్నాం, పని ఎంత పెరిగింది అని రాసుకోవడం చాలామంది ఫొటోగ్రాఫర్లకు అలవాటు. డిగ్రీ అయ్యాక నేను కొంపల్లిలో ఒక స్టూడియోలో ఎడిటింగ్ పని చేశాను. అక్కడి సార్ ప్రతి డిసెంబరులో ఈ పని చేసేవాడు. సొంతంగా మొదలుపెట్టి నాకిది మొదటి ఏడాది కాబట్టి నేనూ కూర్చున్నాను. పాప పడుకుంది. పాప నాన్న సోలార్ ప్లేట్లు బిగించే కంపెనీలో పనిచేస్తాడు, నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. ఈ మేడ్చల్ ఇంట్లో సాయంత్రం ఏడు దాటాక నాతో పెద్దవాళ్ళ మాటలు మాట్లాడేవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నానేమో కూడా.

కొంపల్లిలోనే ఒక ఈవెంట్ల కంపెనీవాళ్ళు నవంబరులో ఫోన్ చేశారు. "మేడమ్, మీ బెస్ట్ ట్వంటీ పంపండి. నచ్చితే సీజనంతా లేడీస్ ఫంక్షన్లు మీకే ఇస్తాం" అన్నాడు ఒకబ్బాయి. ఏడాదంతా తీసినవి ముందేసుకుని ఏరితే పందొమ్మిది తేలాయి. ఇరవయ్యోది కూడా అప్పుడు నా దగ్గర ఉంది. అన్నిటికంటే అదే మంచిది. కానీ అది నా దగ్గర ఉండకూడని ఫొటో.

జనవరిలో మొదలుపెట్టినప్పుడు 'లేడీ ఫొటోగ్రాఫర్' అని కార్డులు కొట్టించి మేడ్చల్‌లో రెండు బ్యూటీపార్లర్లలో పెట్టాను. మొదట వచ్చింది నాగారంలో బారసాల. పేరు పెట్టే సమయానికి కెమెరాలో ఫొటోలు పడే చిప్పు, అదే మెమరీ కార్డు, పనిచేయడం మానేసింది. రెండు నిమిషాల్లో దానంతటదే బాగైంది, ఒక్క ఫొటో కూడా పోలేదు. కానీ ఆ రెండు నిమిషాలు నన్ను వదల్లేదు. పోయుంటే ఆ తల్లికి ఏం చెప్పేదాన్ని అని వారం రోజులు ఆలోచించాను. నా తీరే అంత. పాప ఒకసారి దగ్గితే రెండో దగ్గు కోసం ఊపిరి బిగబట్టి వింటాను. నా సెకండ్‌హ్యాండ్ కెమెరాలో రెండు చిప్పులు పెట్టే చోటుంది. రెండోది కొని, తీసిన ప్రతి ఫొటో రెండింట్లోనూ పడేలా పెట్టేశాను. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని గుండె కుదుటపడింది. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

రంజాన్ పండగ అయిన తర్వాతి నెలలో శామీర్‌పేట నుంచి పిలుపొచ్చింది. ఒక ముస్లిం ఇంట్లో మాంజా, అంటే పెళ్ళికి ముందు ఆడవాళ్ళంతా చేరి పెళ్ళికూతురికి పసుపు పూసే వేడుక. కూరగాయల వ్యాపారం చేసే కుటుంబం. పెళ్ళికూతురి తల్లి గేటు దగ్గరే నన్ను ఆపేసింది. అక్కడివాళ్ళలా నేనూ ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచాను.

"నువ్వేనా ఫొటోలు దీసేది? గింత పిల్లవు!"

"నేనే ఖాలా. నాకో బిడ్డ గూడ ఉంది."

"బిడ్డుంటే పెద్దదానివైనట్టేనా? నా బిడ్డకు పెండ్లయితాంది, నాకే ఇంక అకల్, బుద్ధి రాలే." వెనకున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఒక్క మాట జెప్త ఇను. లోపల మా పిల్లలు తలల మీద గుడ్డ లేకుంట ఆడుతరు, పాడుతరు. ఫొటోలు మా ఇంట్లనే ఉండాలె. మొగోళ్ళ కండ్లు పడొద్దు. పెన్ డ్రైవ్ల ఎక్కించినంక మా ముందల్నే అన్ని తుడిచెయ్యాలె. చేస్తవా?"

"చేస్త ఖాలా."

"నోటితోని గాదు. చేతిల చెయ్యి వెట్టు."

పెట్టాను. ఆమె అరచెయ్యి గరుగ్గా ఉంది, కొత్తిమీర వాసన వేసింది.

ఆ రోజు పని చేసినంత హాయిగా ఈ ఏడాదిలో ఇంకెక్కడా చెయ్యలేదు. కొంపల్లిలో ఒక ఓణీల ఫంక్షనుకు వెళ్తే, వీడియోవాళ్ళు నన్ను స్టేజి కిందికి నెట్టి "మేడమ్, మీరు తర్వాత తీసుకోండి" అన్నారు. శామీర్‌పేట చెరువు కట్ట మీద పెళ్ళికి ముందు షూట్లు మూడు చేశాను. ఆ జంటలు ఫోనులో ఏదో ఫొటో చూపించి అచ్చం అలాగే కావాలన్నారు, అలాగే తీసిచ్చాను. ఆ ఖాలా ఇంట్లో మాత్రం నన్నెవరూ పట్టించుకోలేదు. 'ఇటు చూడండి' అనాల్సిన అవసరమే రాలేదు. డోలక్ మోగుతోంది, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు, పసుపు గోడలకు కూడా అంటింది.

మధ్యాహ్నం దాటాక ఖాలా వంటింటి వెనక గడప మీద కూలబడింది. చెప్పులు విడిచేసింది. కొంగు జారిపోయింది, సగం నెరిసిన జుట్టు ఊడి భుజాల మీద పడింది. పెళ్ళికూతురు చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి పసుపు చేతులు రెండూ తల్లి చెంపలకు అద్దేసింది. ఖాలా తల వెనక్కి వాల్చి కూతురి పొట్టకు ఆనించి, నోరంతా తెరిచి నవ్వింది. పక్కపన్ను లేని చోటు కూడా కనిపించింది. పెరటి తలుపులోంచి వెలుగు ఇద్దరి మీదా సమంగా పడుతోంది. ఒక్కసారే నొక్కాను. వచ్చిందని నొక్కుతూనే తెలిసింది.

పని అయ్యాక ఫొటోలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కుతుండగా మా ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. పాపను ఆమె దగ్గరే వదిలి వెళ్ళాను. "పిల్ల ఒళ్ళు కాలుతాంది, జల్దీ రా" అంది. అన్నీ ఎక్కగానే చిప్పు తీసి కెమెరాలో పెట్టాను. ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తుండగా కెమెరాలో చిప్పును తుడిచేశాను. తెర ఖాళీగా అయింది. "చూడుండ్రి, ఏం లేవు" అన్నాను. ఖాలా నా తల నిమిరి, "పో బిడ్డా, పిల్లను జూస్కో" అంది.

నేను తుడిచింది ఒక చిప్పునే.

పాప జ్వరం మూడో రోజుకు తగ్గింది. అప్పుడు కెమెరా తెరిచి చూస్తే అన్నీ రెండో చిప్పులో ఉన్నాయి. ఆ క్షణమే తుడిచెయ్యాల్సింది. తుడిచే ముందు ఒక్కసారి చూద్దామని ఆ గడప మీది ఫొటో తెరిచాను. రేపు తుడుద్దాం అనుకున్నాను. చిప్పు తీసి పాప టీకాల కార్డు ఉండే కవర్లో పెట్టి, కెమెరాకు ఇంకొకటి కొన్నాను. అప్పట్నుంచి అది అక్కడే ఉండేది.

మంచి ఫొటో పడితే ఎవరికో ఒకరికి చూపించాలనిపిస్తుంది. స్టూడియోలో అయితే పక్క కుర్చీలో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. దీన్ని పాప నాన్నకు కూడా చూపించలేదు. పాపకు అన్నం తినిపించాక అప్పుడప్పుడూ లాప్‌టాప్‌లో పెట్టుకుని నేనే చూసుకునేదాన్ని. చూసిన ప్రతిసారీ ముందు సంతోషం వేసేది, వెంటనే భయం వేసేది.

ఆ భయానికి కారణం ఉంది. ఈ ఏడాది నేను చేసిన పనులు పదిహేను. అందులో ఆరు ఖాలా మాట మీద వచ్చినవే. 'మా కండ్ల ముందల్నే తుడిచింది, నియ్యత్ గల్ల పిల్ల, మాట తప్పది' అని ఆమె అందరికీ చెప్పిందట. అలియాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "నువ్వేనా తుడిచే ఫొటో అమ్మవు?" అని అడిగింది. తర్వాతి ఇళ్ళన్నింట్లో రెండు చిప్పులూ తీసి చూపించి తుడిచాను. అంటే ఏం చెయ్యాలో నాకు బాగా తెలుసు. ఆ ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను.

కంపెనీవాళ్ళు ఇరవై ఫొటోలు అడిగిన వారానికే ఖాలా ఫోన్ చేసింది.

"బిడ్డా, పెన్ డ్రైవ్ ఖరాబైంది. టీవీకి వెడితే ఏమొస్తలేదు. పిల్ల సిద్దిపేటల అత్తగారింటికి పోయినంక గవ్వే సూస్కుంట కూసుంటున్న. దుకాణంల ఇద్దమంటే ఆడ అందరు మొగోళ్ళే. బాగు జేసే ఆడివిల్ల ఎవలన్న ఉన్నరా?"

నేనే చూస్తానన్నాను. ఆమె చెల్లెలు దాన్ని తెచ్చి ఇచ్చింది. తెలిసినవన్నీ ప్రయత్నించాను. తెరుచుకోలేదు. పాప నాన్నకు ఫోన్ చేసి మొదటిసారి సంగతంతా చెప్పాను.

"గిండ్ల పరేషాన్ అయ్యేదేముంది? కొత్త పెన్ డ్రైవ్ల ఎక్కియ్యి, బాగైందని జెప్పు. ఖుషీ అయితరు."

"అబద్ధం కాదా?"

"ఫొటోలు అబద్ధమా? ఫొటోలు గవే గదనే." కాసేపు ఆగి, "గా మంచి ఫొటో గూడ కంపెనీకి పంపెయ్యి. వాళ్ళు శామీర్‌పేట పోయి అడుగుతరా?" అన్నాడు.

ఆయన తప్పుగా ఏం అనలేదు. ఎవరికీ నష్టం లేదు. ఖాలాకు ఫొటోలు దొరుకుతాయి, నాకు పేరొస్తుంది. కొత్త పెన్ డ్రైవ్ కొని చిప్పులో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించాను. పాపను స్కూటీ ముందు నిలబెట్టుకుని శామీర్‌పేట బయల్దేరాను. దారంతా చెప్పాల్సిన మాటలు లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఖాలా పాపకు బిస్కట్ చేతికిచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "బాగైందా? అల్లా నీ బిడ్డను సల్లగ సూడాలె" అంది. నేను తలూపాను. టీవీకి పెట్టాను. ఫొటోలు ఒకటొకటే వస్తుంటే ఆమె పేర్లు చెబుతూ, నవ్వుతూ, కూతురు కనిపించినప్పుడల్లా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గడప మీది ఫొటో వచ్చింది. ఆమె చెయ్యెత్తి ఆపమంది.

"గిది ఎట్లొచ్చింది?"

నాకు అర్థం కాలేదు.

"గిది నేను తీసేపిచ్చిన గదా. తల మీద కొంగు లేదని మా చెల్లెతోని తెల్లారే తీసేపిచ్చిన. పెన్ డ్రైవ్ల లేదు గిది."

తప్పించుకునే దారి అప్పుడు కూడా ఉంది. బాగుచేస్తే ఒక్కోసారి తీసేసినవి కూడా తిరిగొస్తాయి. ఆ మాట నిజమే, ఆమె నమ్మేది. అది నా నాలుక చివరిదాకా వచ్చింది. పాప ఆమె ఒళ్ళో కూర్చుని బిస్కట్ ముక్క ఆమె నోట్లో పెట్టబోతోంది. ఆమె టీవీ వైపు చూడకుండా నా వైపే చూస్తోంది.

"పెన్ డ్రైవ్ బాగుకాలే ఖాలా. నా కెమెరాల రెండు చిప్పులుంటయ్. ఆ రోజు ఒకటే తుడిచిన. మరిచిపోయి. ఇంటికి పోయినంక చూసుకున్న. అప్పుడన్న తుడవాలె. తుడవలే."

ఆమె పాపను దించి నేల మీద కూర్చోబెట్టింది. టీవీ ఆపమంది. ఆపాను.

"ఎవలు జూసిన్రు?"

"నేనొక్కదాన్నే."

"నీ మొగడు?"

"చూడలే. పాప మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్లు వెట్టకు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "ఎన్నిమాట్ల జూసినవ్?"

"శానా సార్లు."

"ఎందుకు?"

"ఏడాదంత నేను తీసినవాట్ల ఇదే మంచిది ఖాలా" అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. పాప సంచిలో తెచ్చిన టీకాల కవర్లోంచి చిప్పు తీసి ఇచ్చాను. దాన్ని కొంగు అంచున పెట్టి ముడేసుకుంది. ఛాయ్ ఇవ్వలేదు. మాంజా రోజు అదే ఇంట్లో నాకు మూడుసార్లు ఛాయ్ ఇచ్చారు. గేటు దాటుతుంటే లోపల టీవీ మళ్ళీ వెలిగింది. ఏ ఫొటో చూస్తోందో చూడటానికి వెనక్కి తిరగలేదు.

కంపెనీకి పందొమ్మిదే పంపాను. ఆ అబ్బాయి "ఒకటి తక్కువుంది మేడమ్" అని మెసేజ్ పెట్టాడు. చూపించడానికి ఉన్నవి అవే అని రాశాను. ఇంకా జవాబు లేదు.

మూడు వారాలు శామీర్‌పేట వైపు నుంచి ఒక్క ఫోనూ రాలేదు. పని పోయిందన్న దిగులు ఒకటైతే, ఆ ఫొటో లేకపోవడం ఇంకొకటి. పాప పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి, చూడటానికి ఏమీ లేక మూసేసేదాన్ని. అది ఎలా ఉండేదో కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంటే వెలుగు గుర్తొస్తోంది, ఖాలా ముఖం గుర్తొస్తోంది, పెళ్ళికూతురి ముఖం మాత్రం అప్పుడే మసకబారుతోంది.

నిన్న పొద్దున పాపకు స్నానం చేయిస్తుంటే ఖాలా ఫోన్ చేసింది. పలకరింపేమీ లేదు.

"వచ్చే నెల మా చెల్లె బిడ్డ మాంజా ఉంది. వస్తవా?"

"వస్త ఖాలా."

"వచ్చుడు వచ్చుడే గా రెండో చిప్పు తీసి నా చేతిల వెట్టు. గప్పుడే లోపలికి రానిస్త."

"సరే ఖాలా."

"గా పిల్లను గూడ తీస్కరా. యాడనో ఇడిసిపెట్టి వస్తవ్, దిమాకంత ఆడనే ఉంటది, ఈడ పని ఖరాబ్ జేస్తవ్." ఫోన్ పెట్టేసింది.

ఇందాక రెండో చిప్పు తీసేసి కెమెరా ఆన్ చేసి చూశాను. ఆ చోటు ఖాళీగా ఉందని తెర మూలన ఒక చిన్న గుర్తు ఎర్రగా మెరుస్తోంది. మాంజా రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది అలా మెరుస్తూనే ఉంటుంది. ఉన్న ఒక్క చిప్పు మొరాయిస్తే ఏమిటి గతి అని ఇప్పట్నుంచే భయంగా ఉంది. అయినా తీసేసే ఉంచాను.