అమ్మన్న పరిచిన తెల్లబాణం

మా నాన్న అమ్మన్న ముప్పై ఏళ్లు గోదావరిలో తెరచాప పడవ నడిపాడు. 2007 వేసవిలో ఆయనకు వేరే పని దొరికింది. మడ అడవులను పైనుంచి ఫొటోలు తీయడానికి చైతన్య గారనే పైలట్ ఇద్దరు పట్టే చిన్న విమానంతో వచ్చారు. దరియాలతిప్ప దాటాక ఉన్న చవిటినేలలో దిగేవారు. నాన్న అక్కడ తెల్ల దుప్పట్లను బాణంలా పరచాలి. గాలి ఎటునుంచి వస్తుంటే బాణం ములుకు అటు ఉండాలి. విమానం గాలికి ఎదురుగా దిగాలట. బడి మానేసి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నేనూ వెళ్లేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం దాకా సముద్రపు గాలే. బాణం తూర్పుకు ఉంది. మూడింటికి పడమర నల్లబడింది. ఉరిమింది. గాలి ఒక్కసారిగా అటునుంచి కొట్టింది. దుప్పట్ల మీద పెట్టిన రాళ్లు దొర్లిపోయాయి. నాన్న ఒక అంచు మీద పడుకున్నాడు. నేను ములుకు మీద నిలబడ్డాను.

"నాన్నా, బాణం పడమరకి తిప్పాలి కదా?"

"తిప్పితే? ఇంత గాలికి ఎదురొత్తే తిరగబడిపోద్దే. ఎనక గాలుంటే గబుక్కున ఒడ్డెక్కేత్తాడు. నువ్వు కదలకు."

ఆయన పడవ గురించి మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. మళ్లీ నోరు తెరవలేకపోయాను.

విమానం పడమర నుంచి వచ్చింది. చాలా వేగంగా ఉంది. చక్రాలు నేలను తాకడం లేదు. తూర్పున రొయ్యల చెరువు గట్టు దగ్గరైపోతోంది. నేను కాళ్లు తీసేశాను. దుప్పటి లేచి తూర్పుకు ఎగిరిపోయింది.

ఇంజిన్ మోత పెరిగింది. విమానం గట్టును రాసుకుంటూ లేచి, చుట్టు తిరిగి, ఈసారి తూర్పు నుంచి వచ్చింది. ఒక రెక్క వాలింది, లేచింది. చక్రాలు రెండుసార్లు ఎగిరిపడ్డాయి. ఆగింది.

చైతన్య గారు దిగి కక్కుకున్నారు. తర్వాత నాన్న భుజం పట్టుకున్నారు.

"దుప్పటి ఎగరడం చూశాకే గాలి మారిందని తెలిసింది. బతికించావు అమ్మన్నా!"

నాన్న ఎగిరిపోయిన దుప్పటి తేవడానికి గట్టు వైపు నడిచాడు. ఇంటికొచ్చి, అన్నం తింటూ అడిగాడు.

"జారిందా, వదిలావా?"

"వదిలాను."

తల వంచుకుని తినేశాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని విమానం దగ్గరికెళ్లి, చైతన్య గారి ముందు నిలబడ్డాడు.

"దుప్పటి వదిలింది మా సత్యశ్రీ అండి. నేను బాణాన్ని తప్పు పక్కకే ఉంచేసేను."

"పోనీలే, అయిపోయిందిగా."

"అవలేదండి. మళ్లీ అలాటి గాలొత్తే మళ్లీ అలాగే ఉంచుతాను. నా చేతులకి పడవే తెలుసు. మా అమ్మాయిని పెట్టుకోండి. మాట్టాడదు గానీ, చూత్తాది."

చైతన్య గారు నావైపు చూశారు. నాకు సంతోషమూ కలగలేదు, భయమూ కలగలేదు. చేతులు చాపాను. నాన్న మడతపెట్టిన దుప్పట్లు వాటి మీద పెట్టి, ఒక్కడే గట్టు దాటి వెళ్లిపోయాడు.