ఉప్పు వెయ్యని గంజి

ఎర్ర ఉల్లిపాయ కోస్తుంటే ఊదారంగు పలచని పొర ఒకటి వేలికి అంటుకుంటుంది. ఇన్నేళ్ళయినా దాన్ని కడిగెయ్యబుద్ధి కాదు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడిపోతాను. పొయ్యిమీద నూనె మాడిపోతోందని మా కోడలు కేకేస్తుంది. నాకేమో సుగుణమ్మ టీచరుగారి మీద బెంగ మొదలవుతుంది.

అరవైల చివర, భావనపాడు దగ్గరి బడిలో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సైన్సు చెప్పే సుగుణమ్మగారిది పాతపట్నం. బడి మొత్తానికి ఉన్న ఒక్క మైక్రోస్కోపునూ ఆవిడ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా తెచ్చేవారు. ఒకరోజు అందులో ఉల్లిపొర చూపించారు. ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కొక్కదాని నిండా ఊదారంగు. అప్పుడు ఆవిడ దానిమీద ఉప్పునీళ్ళ చుక్క వేశారు. చూస్తూండగానే రంగు గోడల్ని వదిలేసి మధ్యకు ముడుచుకుపోయింది.

"ఏటయినాదే రవణా?"

"సచ్చిపోయినాదండి!" అన్నాను. అందరూ నవ్వారు.

"సావలేదే. లోపలి నీళ్ళని ఉప్పు బయటికి లాగేసినాది. లోనికెంత, బయటికెంత అని సూసుకుంటేనే ఏ పేణమైనా నిలబడతాది" అని ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుండగా గంట కొట్టారు.

మా నాన్న ఉప్పుమడుల్లో పనిచేసేవాడు. రోజూ చూసే ఉప్పంటేనే ఆనాటి నుంచి నాకు భయం పట్టుకుంది. ఆ వారమే నాలుగేళ్ళ మా తమ్ముడికి విరేచనాలు మొదలయ్యాయి. అమ్మ గంజిలో ఉప్పు వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను. టీచరుగారు చెప్పారన్నాను. చదువుకుంటున్న పిల్ల మాట కదా, అమ్మ నమ్మింది. రెండు రోజులు వాడికి ఒట్టి నీళ్ళూ, చప్పిడి గంజీ పట్టాం. మూడోనాటికి కళ్ళు లోతుకు పోయి, పిలిచినా పలకడం మానేశాడు. నేను బడి మానేసి వాడి పక్కనే కూర్చున్నాను.

నేను రాలేదని ఆ మధ్యాహ్నం సుగుణమ్మగారే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. వాణ్ణి చూసి, గంజి రుచి చూసి, "ఉప్పెయ్యనేదేటమ్మా?" అన్నారు.

"మీరే సెప్పినారంట కదా టీచరమ్మా, ఉప్పేస్తే ఒంట్లో నీరంతా లాగేస్తాదని" అంది అమ్మ.

ఆవిడ ముఖం పాలిపోయింది. మా నాన్నను కాంపౌండరు కోసం పంపి, గంజిలో చిటికెడు ఉప్పు కలిపి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని చెంచాతో కొంచెం కొంచెంగా పట్టారు. "కన్నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదే. ఒంట్లో ఉప్పుండాలి. విరేచనంలో నీళ్ళతోపాటు అదీ పోతాది. ఎక్కువైతే ముప్పు, తక్కువైనా ముప్పే" అన్నారు. నేను తలెత్తలేదు. "ఏడవకే. తప్పు నీది కాదు. సగం పాఠం సెప్పి ఎల్లిపోయినాను నేను."

కాంపౌండరు వచ్చి చూసి, అలాగే పట్టమన్నాడు. పొద్దు వాలేవేళకు తమ్ముడు "అమ్మా" అన్నాడు. మర్నాడు ఆవిడ తరగతిలో నా పేరెత్తకుండా, ఆనాటి పాఠంలో తప్పు తనదేనని అందరిముందూ చెప్పి, మిగతా సగం చెప్పారు. అంత పెద్దావిడ పిల్లల ముందు అలా నిలబడడం నేను భరించలేకపోయాను.

ఆ సిగ్గుతోనే ఏడాదంతా ఆవిడ కంట పడకుండా తిరిగాను. ఆవిడ శృంగవరపుకోటకు బదిలీ అయి వెళ్ళే రోజున బడి బడంతా బస్సు దాకా వెళ్ళింది. నేను ఉప్పుమడుల గట్టుమీద కూర్చున్నాను. బస్సెక్కుతూ నా కోసం చుట్టూ చూశారని తరవాత ఎవరో చెప్పారు. నాకు తనమీద కోపం వచ్చిందనుకున్నారేమో. ఆ అనుమానం నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

నేనూ టీచరునయ్యాను. పిల్లలు ఇంటికి ఏం మోసుకెళ్తున్నారో అడిగి చెప్పించుకోకుండా ఏనాడూ పాఠం ముగించలేదు. ఉద్యోగంలో చేరాక శృంగవరపుకోట వెళ్ళి వెతికాను. ఆవిడ ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియలేదు. ఒక్కసారి కనిపిస్తే చాలు, క్షమాపణ కూడా అడగను. ఎదురుగా నిలబడి చెబుతాను: "టీచరుగారూ, మా తమ్ముడు తాతయ్యాడండీ."